మోగని తుపాకి

"తాళంచెవి ఏదిరా?"

దైఫల్లా ఆ మాట అడగడం అది నాలుగోసారి. తుపాకుల బీరువా ముందు నిలబడి, మీసం కొస నములుతూ అడిగాడు. తమ్ముడు సత్తాం అతిథుల గదిలో పరుపు మీద గోడకు జారగిలబడి కూర్చున్నాడు. 

బయట ముంగిట్లో ఆడవాళ్ల సంబరపు కేకలు ఆగడం లేదు. సత్తాం కూతురు రనీమ్ నూటికి తొంభైమూడు తెచ్చుకుని పన్నెండో తరగతి పాసైంది. తెల్లారినప్పటి నుంచి ఊరు ఊరంతా ఫోన్లకు కళ్లప్పగించి కూర్చుంది. పిల్లలు పాసైన ఇళ్ల నుంచి సంబరానికి గాలిలోకి కాల్చే తుపాకుల మోత అప్పుడే మొదలైంది. ఢామ్మన్నప్పుడల్లా సత్తాం మెడ భుజాల్లోకి కుంగుతోంది.

"పోయింది," అన్నాడు చివరికి.

"ఏది?"

"తాళంచెవి."

"తాళంచెవి పోయిందా, నీ మతి పోయిందా?" దైఫల్లా బీరువా అద్దం మీద వేలితో గీత గీశాడు. దుమ్ములో ఆ గీత తెల్లగా నిలిచింది. "చూడు దీని అవతారం! ఈ అద్దం మీద ఈగ వాలితే ఉలిక్కిపడేవాడివి కదరా. పదకొండు తుపాకులు. ఒక్కోదాని పుట్టుపూర్వోత్తరాలు వచ్చినవాళ్లకల్లా చెప్పి ప్రాణాలు తోడేసేవాడివి. అమ్మాన్ నుంచి పనిగట్టుకుని చూడ్డానికొచ్చినాయన్ని మొన్న గుమ్మంలోంచే పంపించేశావట?"

"ఒంట్లో బాలేదు."

"శుక్రవారం శుక్రవారం లోయలో డబ్బాలు పేర్చి కాల్చేవాళ్లం. ఏడాదైంది నువ్వు రాక. అడిగితే మోకాలు నొప్పంటావు. ట్రిగ్గర్ మోకాలితో నొక్కుతావురా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ చుట్టాలు ఫక్కున నవ్వారు. సత్తాం నవ్వలేదు.

"అన్నా, ఇవాళ తుపాకి పేల్చను. పిల్ల పాసైంది, సంతోషం. అందరూ భోంచేసి దీవించి వెళ్లండి."

"నిరుడు నీ కొడుకు హాతిం పాసైతే కొండలు మారుమోగేట్టు పేల్చావు. తాత తుపాకి తీసి మరీ పేల్చావు. వాడికొచ్చింది అరవైఎనిమిది. దీనికి తొంభైమూడు. మరి దీనికేం లేదా?"

"మగపిల్లాడు కదా పెదనాన్నా."

అందరూ అటు తిరిగారు. గుమ్మంలో రనీమ్ నిలబడి ఉంది. కొత్త గౌను, చేతులకు గోరింటాకు. పొద్దుటి నుంచి నవ్వీ నవ్వీ ఎర్రబడ్డ మొహం ఇప్పుడు మరో రకంగా ఎర్రబడింది.

"వాడు మగపిల్లాడు. అరవైఎనిమిది వచ్చినా ఇంటి పేరు నిలబెట్టాడు. నేను ఆడపిల్లని. అంతే కదా నాన్నా?"

"కాదు తల్లీ."

"మరెందుకు?"

సత్తాం నోరు తెరిచాడు. ఏడాది పాటు అద్దం ముందు, స్టీరింగు ముందు, నమాజు చాప మీద వంద రకాలుగా కూర్చుకున్న మాట గొంతు దాకా వచ్చింది. అన్న మొహం చూశాడు. చుట్టాల మొహాలు చూశాడు. మాట వెనక్కి పోయింది.

"చెప్పవులే," అంది రనీమ్. "నాకు తెలిసిపోయింది."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. చుట్టాల్లో ఎవరో దగ్గారు.

"చాలా బాగుంది," అన్నాడు దైఫల్లా. నడుముకున్న పిస్తోలు తీశాడు. "తండ్రికి చేతకాకపోతే పెదనాన్న ఉన్నాడు. నా తమ్ముడి కూతురికి నేను పేలుస్తాను. ఎవడాపుతాడో చూస్తా."

అతను ముంగిట్లోకి అడుగుపెట్టాడో లేదో ఆడవాళ్ల కేకలు మిన్నంటాయి. చెయ్యి పైకెత్తాడు.

సత్తాం ఎప్పుడు లేచాడో, ఎలా ఉరికాడో ఎవరూ చూడలేదు. అన్న మణికట్టు రెండు చేతులా పట్టుకుని కిందికి వంచాడు. పిస్తోలు నేల మీద పడింది. కేకలు గొంతుల్లోనే ఆగిపోయాయి.

ఆ ఇంటి చరిత్రలో తమ్ముడు అన్న మీద చెయ్యి వెయ్యడం అదే మొదటిసారి. అదీ నలభైమంది ముందు.

దైఫల్లా మెల్లిగా వంగి పిస్తోలు తీసుకున్నాడు. దుమ్ము తుడిచాడు. తలగుడ్డ సరిచేసుకున్నాడు.

"మీ అన్నం మీరు తినండి," అన్నాడు. "నాకు ఆకలి చచ్చింది."

అతని వెనక అతని కొడుకులూ, వాళ్ల వెనక వేలువిడిచిన చుట్టాలూ ఒక్కరొక్కరే కదిలారు. పెద్ద పళ్లేల్లో అన్నం మీద మాంసం పొగలు కక్కుతోంది. తినేవాళ్లు లేరు.

* * *

వంటింటి వెనక సామాన్ల గదిలో సత్తాం భార్య ఫిద్దా అతన్ని పట్టుకుంది. తలుపు మూసి, వీపు దానికి ఆనించి నిలబడింది.

"ఇప్పుడు చెప్పు అబూ హాతిం," అంది, హాతిం తండ్రీ అని కొడుకు పేరుతో పిలుస్తూ.

"ఏం చెప్పను?"

"ఏదైనా చెప్పు. మోకాలు నొప్పి తప్ప." ఆమె గొంతు పెంచలేదు. దానికే అతనికి భయం వేసింది. "పదకొండుమంది సవతులతో పాతికేళ్లు కాపురం చేశాను నేను. ఏ సవతి వయసెంతో, దేనికి ఏ నూనె పడుతుందో నాకూ తెలుసు. పెళ్లైన కొత్తలో నన్ను అడిగినదానికంటే వాటి బాగోగులే ఎక్కువ అడిగేవాడివి. అలాంటిది ఏడాదిలో పదకొండుమందీ ఒక్కసారే మొహం మొత్తారంటే నమ్మమంటావా?"

అతను గోనెసంచి మీద కూర్చున్నాడు.

"పిల్ల మంచం మీద బోర్లా పడి ఏడుస్తోంది. ఆడపిల్లనని నాన్నకి లోకువ అనుకుంటోంది. అది నిజమైతే చెప్పు, నేనూ ఏడుస్తాను. కాకపోతే ఇంకేమిటో చెప్పు."

"నాయిఫ్ మాస్టారి కూతురు," అన్నాడు సత్తాం.

"జుమానాకేం? మళ్లీ చెయ్యి నొప్పా?"

అతను తల అడ్డంగా ఊపాడు.  ఫిద్దా అడగడం మానేసింది. తలుపు మీది నుంచి వీపు తీసి నిటారుగా నిలబడింది.

నిరుడు ఫలితాల రోజున హాతిం పాసయ్యాడు. మాస్టారి కూతురు జుమానా కూడా అదే పరీక్ష పాసైంది. మిద్దె మీద నిలబడి ఫోన్లో ఎవరికో మార్కులు చెబుతుండగా ఆకాశం నుంచి తూటా ఒకటి జారి ఆమె కుడి భుజంలో దిగింది. ఆ చెయ్యి ఇవాళ్టికీ పైకి లేవదు. వేళ్లు పిడికిలి పట్టవు. ఆ రోజు ఊళ్లో వందమంది గాలిలోకి కాల్చారు. ఎవరి తూటాయో ఎవరికీ తెలియదు.

"ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు మాస్టారు మనింటికి వచ్చాడు," అన్నాడు సత్తాం. "గుర్తుందా?"

"గుర్తు లేకేం? నేనే టీ ఇచ్చాను."

"డాక్టర్లు తీసిన తూటాని మందుసీసాలో వేసుకొచ్చాడు. 'అబూ హాతిం, తుపాకుల సంగతి మీకు తెలిసినంతగా ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. ఇది ఎవరి తుపాకిదో చెప్పండి చాలు, నేను వెళ్లి అడుగుతాను' అన్నాడు."

"నువ్వు కలాష్నికోవ్‌దన్నావు. ఊళ్లో ఇంటికొకటి ఉంటుందన్నావు."

"అన్నాను."

"పాపం ఆయన, 'అయితే ఆకాశం మీద ఫిర్యాదు ఇవ్వనా' అంటూ లేచి వెళ్లాడు. ఆ కేసూ అంతటితో పోయింది." ఫిద్దా ఆగింది. "అది కలాష్నికోవ్‌ది కాదా?"

"కాదు."

"ఎవరిది?"

"అలాంటి తూటా బజార్లో దొరకదు ఫిద్దా. తురుష్కుల నాటి మా తాత తుపాకికి ఎవడు తయారుచేస్తాడు? సీసం కరిగించి, అచ్చులో పోసి, నేనే చేసుకుంటాను. నా అచ్చుకి అడుగున చిన్న నొక్కు ఉంది. సీసాలో ఉన్నదానికీ ఆ నొక్కు ఉంది. వెలుగులో పెట్టి చూడక్కర్లేకపోయింది. చేతిలోకి తీసుకోగానే బరువే చెప్పింది."

ముంగిట్లో ఎవరో పళ్లేలు లోపలికి మోస్తున్న చప్పుడు వినిపించింది. గిన్నె ఒకటి దొర్లింది. దాన్ని ఎవరో ఆపారు.

ఫిద్దా నేల మీద కూలబడింది.

"వారం వారం ఆ పిల్ల దగ్గరికి వెళ్తున్నానే," అంది. "ఆలివ్ నూనె వెచ్చబెట్టి ఒక్కో వేలూ రుద్దుతున్నానే. రుద్దినంతసేపూ, ఇది చేసినవాడి చెయ్యి పడిపోను, వాడి ఇంట దీపం ఆరిపోను అని తిడుతున్నానే. ఆ పిల్లే, 'వద్దు పిన్నీ, తిట్టకు' అనేది. ఇంటికొచ్చి అదే చేత్తో నీకు అన్నం పెట్టానే."

"పెట్టావు."

"నువ్వు తినేవాడివి."

"తిన్నాను."

ఆమె తలముసుగు కొస నోట్లో కుక్కుకుంది. ఏడుపు బయటికి వస్తే చుట్టాలు వింటారు. ఇంత జరిగాక కూడా చుట్టాలు వింటారన్న భయమే ముందొచ్చిందని ఆమెకు మరింత సిగ్గేసింది.

"గాలిలోకి కాల్చావు. తగలాలని కాల్చలేదు. అది పొరపాటే అనుకుంటాను," అంది కాసేపటికి. "కాని సీసా చేతిలో పట్టుకుని, ఆ పిల్ల తండ్రి కళ్లల్లోకి చూస్తూ అబద్ధమాడావే. అది పొరపాటు కాదు."

"కాదు."

"మరేమిటది?"

సత్తాం అరచేతులు చూసుకున్నాడు.

"కొండ అవతల ఎవడైనా కాలిస్తే మోత విని, అది ఏ తుపాకో, ఎవరిదో చెప్పేవాణ్ణి. ఊరంతా మెచ్చుకునేది. నేనూ మురిసిపోయేవాణ్ణి. ఇన్నేళ్లూ నేర్చుకున్నది ఒక మనిషికి పనికొచ్చే రోజు ఒకే ఒక్కటి వచ్చింది. ఆ రోజు దాన్ని అబద్ధానికి వాడుకున్నాను. ఆ మర్నాడు బీరువా తెరిచాను. నూనె వాసన తగిలింది, వాంతయింది. మళ్లీ తెరవలేదు. మోజు తీరిపోయిందని అందరూ అంటున్నారు. మోజు తీరలేదు ఫిద్దా. వాటి మొహం చూసే మొహం నాకు లేదు."

ఆమె లేచి, చెంపలు తుడుచుకుంది.

"మీ అన్న బండి ఇంకా సందు చివరే ఉంది. వెళ్లి కాళ్లు పట్టుకో. పెద్దమనుషుల్ని కూడగట్టమను. పద్ధతి ప్రకారం మాస్టారి గడప తొక్కు."

"వస్తాడంటావా?"

"రాకపోతే అప్పుడు చూద్దాం. ముందు అడుగు."

* * *

దైఫల్లా బండి తలుపు తీసి పెట్టి, స్టీరింగు ముందు సిగరెట్టు కాలుస్తున్నాడు. తమ్ముడు వస్తుంటే క్షమాపణకే అనుకున్నాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

సత్తాం తలుపు పట్టుకుని నిలబడి అంతా చెప్పాడు. ఈసారి నాలుగు మాటల్లో అయిపోయింది.

దైఫల్లా సిగరెట్టు కిందపడేసి కాలితో నలిపాడు.

"ఎవరెవరికి చెప్పావు?"

"ఫిద్దాకి."

"అక్కడితో ఆపు."

"అన్నా..."

"ఆపమన్నాను. ఏడాదైంది. ఆ పిల్ల బతికే ఉంది. కాలేజీకి వెళ్తోంది, ఎడమ చేత్తో రాస్తోంది. ఇప్పుడు నువ్వు వెళ్లి చెబితే దాని చెయ్యి లేస్తుందా? లేవదు. మన తలలు మాత్రం వంగుతాయి. కాల్చాడు, పైగా దాచాడు అంటారు. రేపు మన పిల్లల్ని ఎవరు చేసుకుంటారు? మన మాట ఏ పంచాయతీలో చెల్లుతుంది?"

"ఆయన నన్ను నమ్మి అడిగాడన్నా."

"తూటాకి నోరు లేదురా!"

"నాకుంది కదా."

దైఫల్లా తమ్ముడి మొహంలోకి చూశాడు. కోపం ఒక్క క్షణం తగ్గి, దాని కింద నుంచి భయం తొంగిచూసింది. ఆ తర్వాత మళ్లీ కోపమే వచ్చింది.

"పెద్దమనుషుల్ని నేను పిలవను. నేను ముందు నడవను. నువ్వు ఒక్కడివే వెళ్లావా, నాకు తమ్ముడు లేడు. ఇందాక చెయ్యి పట్టుకున్నావు, ఓర్చుకున్నాను. ఇది ఓర్చుకోను."

తలుపు లాక్కున్నాడు. సత్తాం వేళ్లు తీసుకోవడం ఒక్క రవ్వ ఆలస్యమైతే నలిగిపోయేవే.

బండి దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

* * *

అతను తిరిగి వచ్చేసరికి గుమ్మంలో రనీమ్ చెప్పులు వేసుకుంటోంది. చేతిలో కునాఫా మిఠాయి పళ్లెం ఉంది. దాని మీద గుడ్డ కప్పి ఉంది. కళ్లు ఇంకా వాచే ఉన్నాయి.

"ఎక్కడికి?"

"జుమానా దగ్గరికి. తొంభైమూడులో సగం దానివి. లెక్కలు అదే కదా చెప్పింది."

ఆర్నెల్లపాటు సాయంత్రం సాయంత్రం మాస్టారింటికి వెళ్లి లెక్కలు నేర్చుకుంది రనీమ్. ఎడమ చేత్తో వంకరటింకరగా జుమానా వేసిన లెక్కల కాగితాలు ఇల్లంతా ఉండేవి. వాటిని చూడలేక సత్తాం భోజనాల దగ్గర పక్కకి తిరిగి కూర్చునేవాడు.

"నేనూ వస్తాను," అన్నాడు.

రనీమ్ తల ఎత్తింది. "నువ్వా? మాస్టారింటికా? రమ్మన్నప్పుడల్లా పనుందనేవాడివిగా?"

వంటింటి గుమ్మం దగ్గర ఫిద్దా నిలబడి ఉంది. మొగుడి మొహం చూడగానే బావగారి జవాబు ఆమెకు తెలిసిపోయింది. ముందుకొచ్చి, అతని తలగుడ్డ మడత సరిచేసింది.  అంతే, లోపలికి వెళ్లిపోయింది.

సందులో తండ్రీకూతుళ్లు పక్కపక్కన నడిచారు. ఎండ వాలుతోంది. ఎక్కడో దూరంగా ఇంకా తుపాకులు మోగుతూనే ఉన్నాయి.

దారిలో చెప్పేయాలనుకున్నాడు సత్తాం. వేరేవాళ్ల గుమ్మంలో వినడం కంటే ముందు తండ్రి నోట వినడం పిల్లకు న్యాయం. కాని రనీమే ముందు అందుకుంది.

"నాన్నా, నాకు కోపం పోయింది."

"పోయిందా?"

"పేల్చకపోతే పోనీ. హాతిం కోసం ఊరంతా వినేట్టు పేల్చావు గాని, వాడి చెయ్యి పట్టుకుని ఎవరింటికీ వెళ్లలేదు. నా కోసం వస్తున్నావు. ఇందాక అందరి ముందూ అలా అన్నాను. తప్పైపోయింది."

"నువ్వు తప్పనకు తల్లీ."

"అన్నది తప్పే కదా."

"రనీమ్..."

"ఊఁ?"

అప్పటికి మాస్టారి గుమ్మం వచ్చేసింది. తలుపు తెరిచే ఉంది.

"రండి రండి!" నాయిఫ్ మాస్టారు లేచి ఎదురొచ్చాడు. సన్నటి మనిషి, కళ్లజోడు, భుజం మీద ఎప్పుడూ సుద్దపొడి ఉన్నట్టే కనిపిస్తాడు. "మా శిష్యురాలి శిష్యురాలు! తొంభైమూడు! అబూ హాతిం, మీరొచ్చారా! మా ఇల్లు వెలిగిపోయింది. జుమానా, ఎవరొచ్చారో చూడు!"

లోపలి నుంచి జుమానా కేక వినిపించింది. రనీమ్ పళ్లెంతో సహా పరుగెత్తింది. రెండు గొంతులు కలిసి నవ్వడం వినిపించింది.

మాస్టారు తన చేత్తోనే కాఫీ వంచి చిన్న గిన్నె అందించాడు. సత్తాం అందుకున్నాడు. తాగకుండా ముందున్న చాప మీద పెట్టాడు.

మాస్టారు నవ్వు అలాగే ఉంది గాని కళ్లు గిన్నె మీదికి వెళ్లాయి. ఆ దేశంలో కాఫీ ముట్టకుండా పెట్టినవాడు ఏదో అడగడానికి వచ్చినట్టు. అడిగింది ఇస్తానని ఇంటాయన మాట ఇస్తేనే తాగుతాడు.

"ఓహో," అన్నాడు మాస్టారు ఆప్యాయంగా. "ఇంతకాలానికి గడప తొక్కింది పనిమీదా? ఏదైనా సరే, ఇచ్చేశాననుకోండి. కాఫీ తాగండి."

"మాట ఇవ్వకండి మాస్టారూ."

"ఇచ్చేశాను."

"వెనక్కి తీసుకోండి. ముందు వినండి. విన్నాక ఏమివ్వాలో మీ ఇష్టం."

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నాడు. పొరుగువాడి తలగుడ్డ చూశాడు, చెమట పట్టిన మెడ చూశాడు. పెద్దమనుషులెవరూ లేకుండా వచ్చాడని అప్పుడే గమనించినట్టు గుమ్మం వైపు చూశాడు.

"మీరు తెచ్చి చూపించిన తూటా," అన్నాడు సత్తాం.  "కలాష్నికోవ్‌ది కాదు. మా తాత తుపాకిది. ఊళ్లో ఇంకెవరి దగ్గరా అలాంటిది లేదు. ఆ రోజు దాన్ని పేల్చింది నేనే. మీరు చేతిలో పెట్టిన క్షణమే నాకు తెలుసు."

మాస్టారు కేకలు వేస్తాడనుకున్నాడు సత్తాం. కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

కాఫీ మీద పొగ తగ్గిపోయింది.

"ఆ క్షణమే?" అన్నాడు మాస్టారు.

"ఆ క్షణమే."

"మీ భార్య వారం వారం వస్తుంది."

"ఆమెకు ఇవాళే చెప్పాను. ఆమెను ఏమీ అనకండి. పిల్లకి ఇంకా తెలియదు."

మాస్టారు తల ఊపాడు. ఏ మాటకు ఊపాడో సత్తాంకు అర్థం కాలేదు. ఆయన కాఫీ గిన్నె వైపు చెయ్యి చాచి, తియ్యాలో ఉంచాలో తెలియనట్టు మధ్యలోనే ఆపేశాడు.

"జుమానా," అని పిలిచాడు. గొంతు మామూలుగానే ఉంది. తరగతిలో పేరు పిలిచినట్టుంది.

"వస్తున్నా నాన్నా!"

"నాకు చెప్పారు, విన్నాను," అన్నాడు మాస్టారు సత్తాం వైపు చూడకుండా. "కాని చెయ్యి నాది కాదు. ఆమెకు చెప్పండి."

తెర తొలగింది. ఎడమ చేత్తో కునాఫా పళ్లెం పట్టుకుని జుమానా వచ్చింది. కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది. వెనకే రనీమ్, స్నేహితురాలి భుజం మీద గడ్డం ఆనించి, ఇంకా నవ్వుతోంది.

సత్తాం లేచి నిలబడ్డాడు.

"ఏమిటి బాబాయ్, కూర్చోండి," అంది జుమానా. "నాకేదో చెప్పాలన్నట్టు వినపడింది?"

రనీమ్ తండ్రి మొహం చూసింది. మాస్టారి మొహం చూసింది. ముట్టని కాఫీ చూసింది. నవ్వు పెదవుల మీదే ఉంది, పోవాలో ఉండాలో దానికి ఇంకా తెలియలేదు.

"ఏం చెప్పాలి నాన్నా?" అంది.